హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: తొలి తరాల క్రీడాకారులు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి పదిహేనేళ్లలో దేశంలోని పెద్ద పోటీలన్నింటిలోనూ ముందు వరుసలో నిలిచిన పోలీసు శాఖ జట్టు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును గెలుచుకొని, 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్పును కూడా కైవసం చేసుకున్న ఈ జట్టు, రాష్ట్రాల పునర్విభజన జరిగిన కొంతకాలానికి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో బరిలోకి దిగింది. హెల్సింకి, మెల్బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న భారత జట్లలోనూ, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచిన భారత జట్లలోనూ ఈ జట్టులో తయారైన ఆటగాళ్లు ఉన్నారు. అయినా వీరిలో పలువురి పేర్లు నేటి పాఠకులకు కలకత్తా క్లబ్బుల చరిత్ర ద్వారానే తెలుస్తున్నాయి. వారికి ఆట నేర్పిన ఊరు, ఆ ఊరిలోని జట్టు మాత్రం ఆ కథనాల్లో ఒక వాక్యానికి మించి కనిపించవు. వారి క్రీడాజీవితాన్ని మొదలైన చోటి నుంచి చెప్పడమే న్యాయమన్న దృష్టితో ఈ వ్యాసం సాగుతుంది.

ఈ జట్టు కథ హైదరాబాద్ నగరానికే పరిమితం కాదు; ఉదాహరణకు, రాయచూరు జిల్లాకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం పరిపాలనాపరమైనది. నేటి కర్ణాటకలో ఉన్న ఈ జిల్లా 1956 అక్టోబర్ 31 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగా ఉండేది. నవంబర్ 1న అది మైసూరు రాష్ట్రంలో చేరగా, అదే జిల్లాకు చెందిన గద్వాల, ఆలంపూర్ తాలూకాలు విడివడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. అంటే 1950వ దశకం తొలి సగంలో హైదరాబాద్ పేరుతో గెలిచిన ప్రతి కప్పూ కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ ప్రాంతపు రాజధాని గెలిచిన కప్పే. ఇక్కడి విద్యార్థులు పై చదువులకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ, ఉద్యోగార్థులు రాజధాని కార్యాలయాలకూ వెళ్లడం ఆనాడు మామూలు సంగతి. సరిహద్దు మారడంతో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపించే రాయచూరు వంటి పట్టణాలు ఈ జట్టు కథకు అధికారికంగా వెలుపల పడిపోయాయి. హైదరాబాద్ క్రీడాచరిత్రను ఒక్క తెలంగాణ ఆస్తిగానో, ఒక్క నగరపు ఆస్తిగానో రాయడంలో ఉన్న లోపం ఇదే.

నేపథ్యం

దక్కనులో ఫుట్‌బాల్ వ్యాప్తికి సైనిక స్థావరాలు ప్రధాన కారణం. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి ప్రాంతాల్లోని బ్రిటిష్ దళాలు ఆడుకునే ఆటను చూసి చుట్టుపక్కల బస్తీల పిల్లలు నేర్చుకోగా, మూసీకి దక్షిణాన ఉన్న పాత నగరంలో పాఠశాలలు, కళాశాలలు, చిన్న చిన్న క్లబ్బులు దాన్ని తమదిగా చేసుకున్నాయి. పోలీసు శాఖ ఈ రెండు వర్గాల్లోని మంచి ఆటగాళ్లను ఉద్యోగమిచ్చి చేర్చుకుంది. నిజాం పాలనలో నగర పోలీసు వ్యవస్థ కొత్వాల్ అనే అధికారి కింద, జిల్లాల పోలీసుకు వేరుగా ఉండేది. సిటీ పోలీస్ అన్న పేరు ఆ ఏర్పాటు నుంచి వచ్చిందే. ఆటకు డబ్బు రాని ఆ రోజుల్లో నెల జీతం, ఏకరూప దుస్తులు, సాధనకు వేళ ఇచ్చే శాఖ కొలువు పేదింటి కుర్రవాడికి గొప్ప ఆసరా. జట్టు బలానికి మూలం ఈ భద్రతలోనే ఉంది.

జట్టు గెలిచిన కప్పుల విలువ తెలియాలంటే వాటి పూర్వచరిత్ర కొంత తెలియాలి. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలోనూ, రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలోనూ మొదట బ్రిటిష్ సైనిక దళాల కోసం ఏర్పడిన పోటీలు. దశాబ్దాల తరబడి అవి ఆ దళాల చేతుల్లోనే ఉండిపోయాయి. రోవర్స్ కప్పును గెలిచిన తొలి భారతీయ జట్టు 1937లో బెంగళూరు ముస్లింస్ కాగా, డ్యూరాండ్‌ను గెలిచిన తొలి భారతీయ జట్టు 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్. యుద్ధం, దేశ విభజన కారణంగా నిలిచిపోయిన డ్యూరాండ్ పోటీ 1950లో ఢిల్లీలో తిరిగి మొదలైనప్పుడు, ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు అందుకున్నది హైదరాబాద్ సిటీ పోలీస్. అదే ఏడాది రోవర్స్ కప్పు కూడా వారిదే. ఒకే సంవత్సరంలో ఈ రెండింటినీ గెలవడం 1954లోనూ, 1957లోనూ మళ్లీ జరిగింది. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి రెండేళ్లే అయిందన్నది గుర్తుంచుకుంటే, 1950 నాటి ఆ రెండు విజయాలు నగర ప్రజల్లో ఎంతటి ఉత్సాహాన్ని నింపి ఉంటాయో ఊహించవచ్చు.

రహీం శిక్షణ

ఈ విజయాల వెనుక ఉన్న వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన రహీం, 1950లో సిటీ పోలీస్ శిక్షకుడిగా బాధ్యత తీసుకున్నారు. ఆయనకు ముందు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ జట్టును తీర్చిదిద్దారు. రహీం కీర్తి వెలుగులో ఫ్రూవాల్ పేరు మరుగున పడినా, 1950లో గెలిచిన జట్టులో ఆయన శ్రమ ఫలం కూడా ఉందని చెప్పాలి. రహీం చనిపోయేదాకా జట్టుకూ, మధ్యలో పలుమార్లు భారత జట్టుకూ శిక్షకుడిగా ఉన్నారు.

ఆయన పద్ధతిలో బోధకుడి తీరు స్పష్టంగా కనిపిస్తుంది. బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ ఒక్కడే ప్రత్యర్థులను దాటుకుపోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. ప్రేక్షకులు మెచ్చే ఆ విద్య మోతాదు మించితే జట్టు వేగం తగ్గుతుందని గ్రహించిన రహీం, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను నగరంలో నిర్వహించారు. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనూ, ఎడమ వాటం ఉన్నవారు కుడికాలితోనూ మాత్రమే ఆడాల్సిన పోటీలు, పొట్టివారికి ప్రత్యేకమైన పోటీలు కూడా ఆయన ఏర్పాటు చేసినవే. పేరుకు పోటీలైనా నిజానికి ఇవి పాఠాలు: బలహీనతను దాచిపెట్టే అవకాశం లేకుండా చేసి, బంతి కాలికి తగలగానే తోటివాడికి అందించే అలవాటును చిన్న వయసులోనే నాటేవి. 2024లో విడుదలైన 'మైదాన్' అనే హిందీ చిత్రం రహీం జీవితాన్ని దేశవ్యాప్తంగా పరిచయం చేసింది; కానీ ఆ చిత్రం జాతీయ జట్టు చుట్టూ తిరిగేది కావడంతో, ఆయన ఆలోచనలన్నీ ముందుగా రూపుదిద్దుకున్న పోలీసు జట్టుకు అందులో దక్కవలసిన చోటు దక్కలేదు.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్

ఐదేళ్ల రోవర్స్ పరంపరకు వెన్నెముకగా నిలిచినవారిలో నూర్ మహమ్మద్, సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ ముఖ్యులు. అప్పటి జట్లు గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్ బ్యాక్‌లను, వారి ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లను, అందరికన్నా ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లను నిలిపేవి. ఫుల్ బ్యాక్ పని గోల్‌ను కాపాడటం. హాఫ్ బ్యాక్ పని ప్రత్యర్థి నుంచి బంతిని లాక్కొని దాడి చేసేవారికి అందించడం, అంటే ఆటలో అందరికన్నా ఎక్కువగా పరుగెత్తాల్సింది అతడే. అజీజుద్దీన్ ఫుల్ బ్యాక్‌గానూ, నూర్ హాఫ్ బ్యాక్‌గానూ పేరు తెచ్చుకున్నారు. గోల్ కొట్టినవాడి పేరే మరునాటి పత్రికలో పడే ఆటలో ఈ రెండు స్థానాలవారికి దక్కే కీర్తి తక్కువ. వరుసగా ఐదేళ్లు ఒకే కప్పు నిలబెట్టుకున్న జట్టు బలం మాత్రం ఇలాంటి చోట్లనే వెతకాలి.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత్ 1–0 తేడాతో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం సాధించింది. రహీం శిక్షణలో ఆడిన ఆ జట్టులో నూర్, అజీజుద్దీన్ ఇద్దరూ సభ్యులు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌కు వీరితోపాటు సిటీ పోలీస్ ఫార్వర్డ్ మొయినుద్దీన్ కూడా వెళ్లారు. అక్కడ యుగోస్లావియా చేతిలో భారత్ 10–1తో ఓడిపోయింది. చలిలో, తడి నేలమీద భారత ఆటగాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. స్వదేశంలో జరిగే మ్యాచ్‌లు 70 నిమిషాలకే ముగిసేవి కాబట్టి 90 నిమిషాల ఆటకు తగిన దమ్ము కూడా వారికి అలవడలేదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఉత్తికాళ్లతో బంతిని లొంగదీసుకోవడం నేర్చిన తరం క్రీడాజీవితం మధ్యలో కొత్త అలవాటుకు మారాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో కూడా నూర్, అజీజుద్దీన్ చోటు నిలుపుకున్నారంటే, బూట్లకూ, వేగం పెరిగిన కొత్త ఆటకూ వారు ఎంత పట్టుదలతో అలవాటుపడ్డారో తెలుస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన ఆటగాళ్లందరిలోకీ తక్కువ గుర్తింపు పొందినవారు, ఎక్కువ గుర్తింపుకు అర్హులైనవారు ఈ ఇద్దరే.

మెల్బోర్న్ 1956

1956 చివర మెల్బోర్న్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో దేశానికి నేటికీ అదే ఉత్తమ ఫలితం. డిసెంబర్ 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిన మ్యాచ్‌లో బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా 4–1తోనూ, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3–0తోనూ గెలిచాయి. ఆ జట్టు శిక్షకుడు రహీం. నూర్, అజీజుద్దీన్‌లకు తోడు యువకులైన తులసీదాస్ బలరాం, మహమ్మద్ జుల్ఫికరుద్దీన్, రక్షణ వరుసలో ఆడే అహ్మద్ హుస్సేన్ వంటి హైదరాబాద్ ఆటగాళ్లు అందులో ఉన్నారు. వారు బయలుదేరేనాటికి వారి రాష్ట్రం పేరు పటంలో లేదు. నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, మైసూరు, బొంబాయి రాష్ట్రాల్లో కలిసిపోయింది. అయినా రాష్ట్ర జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని 1956–57లోనూ, 1957–58లోనూ హైదరాబాద్ అనే పేరుగల జట్టే గెలిచింది. రెండుసార్లూ ఫైనల్‌లో ఓడినది బొంబాయి.

తులసీదాస్ బలరాం

సిటీ పోలీస్‌లో కొద్దికాలమే ఆడినా, ఆ జట్టు పూర్వ క్రీడాకారులందరిలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడలో 1936లో తమిళ కుటుంబంలో పుట్టిన బలరాం బస్తీ మైదానాల్లో ఆట నేర్చుకొని, రైడర్స్ క్లబ్ తరఫున ఆడి, రహీం దృష్టిలో పడ్డాడు. అమ్ముగూడ నుంచి నగరంలోని సాధన స్థలానికి రావడానికి కుర్రవాడి దగ్గర డబ్బు లేదని తెలిసి, సైకిలు అద్దెకు రహీమే డబ్బిచ్చేవారని బలరాం తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఒక ప్రతిభ బయటపడటానికీ, బయటపడకుండానే పోవడానికీ మధ్య దూరం కొన్నిసార్లు ఆ సైకిలు అద్దె అంతే ఉంటుంది.

ఫార్వర్డ్ వరుసలో ఎడమ వైపునా, మధ్యనా, కొంత వెనక్కు తగ్గి కూడా ఆడగలగడం బలరాం ప్రత్యేకత. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లి, 1961లో ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉండి, కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో ఆ ఏడాది అందరికన్నా ముందు నిలిచాడు. ఆయన ప్రతిభకు అసలు కొలమానం 1960 రోమ్ ఒలింపిక్స్. భారత్ ఆడిన గ్రూపులో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. నాటి ప్రపంచ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి దేశమైన హంగేరీ చేతిలో భారత్ 2–1తో మాత్రమే ఓడింది. ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో మ్యాచ్ 1–1తో సమం కాగా, పెరూ చేతిలో 3–1తో ఓడిన మ్యాచ్‌లోనూ భారత్ చేసిన ఏకైక గోల్ ఆయనదే. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం కలిసి ఆడిన ఆ ఫార్వర్డ్ వరుసను భారత ఫుట్‌బాల్‌లో సాటిలేనిదిగా చాలామంది విశ్లేషకులు లెక్కిస్తారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో కూడా ఆయన ఉన్నారు; అదే ఏడాది అర్జున పురస్కారం వచ్చింది. ఊపిరితిత్తుల పొరకు సోకిన ప్లూరిసీ అనే జబ్బు కారణంగా 1963లో, ఇరవై ఏడో ఏట, ఆట మానాల్సి వచ్చింది. ఆ తర్వాతి జీవితమంతా బెంగాల్‌లోనే గడిపి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించారు.

యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్

బలరాం వెళ్లిపోయినట్లు కాక, క్రీడాజీవితమంతా పోలీసు జట్టుతోనే ముడిపడినవాడు యూసుఫ్ ఖాన్ (1937–2006). రక్షణలోనూ, హాఫ్ బ్యాక్‌గానూ, ఫార్వర్డ్‌గానూ ఏ స్థానంలో నిలబెట్టినా ఆడగల సామర్థ్యం వల్ల రహీంకు ఎంతో నమ్మకమైన ఆటగాడయ్యాడు. 1960 ఒలింపిక్స్‌లోనూ, జకార్తా స్వర్ణ విజయంలోనూ పాల్గొని, 1966లో అర్జున పురస్కారం అందుకున్నాడు. 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో ఉమ్మడిగా మళ్లీ రోవర్స్ గెలిచిన ఆంధ్రప్రదేశ్ పోలీస్ తరానికి ఆయనే ప్రతినిధి. కలకత్తా పోకుండా కూడా దేశంలోని ఉత్తమ ఆటగాళ్లలో ఒకరిగా ఉండవచ్చని చూపినందుకు యూసుఫ్ ఖాన్‌కు ఈ జట్టు చరిత్రలో ప్రత్యేక స్థానం ఇవ్వాలి.

సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో జన్మించి, 1960వ దశకం ఆరంభంలో పోలీసు జట్టులో రక్షణ ఆటగాడిగా ఎదిగి, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్బులకు ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. ఆటగాడిగా 1970లో అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య పురస్కారాలు లభించాయి.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దడం అవసరం. హైదరాబాద్ ప్రసిద్ధ ఆటగాళ్లందరినీ సిటీ పోలీస్ ఖాతాలో వేయడం కద్దు. కానీ 1935లో హైదరాబాద్‌లో పుట్టిన గొప్ప గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ సైన్యానికి చెందిన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో పేరు పొందినవాడు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ చేసిన మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ కలకత్తా క్లబ్బుల్లో వెలిగినవారు. వీరు కూడా రహీం పెంచిన నగర వాతావరణం నుంచే వచ్చినా, పోలీసు జట్టు పూర్వ క్రీడాకారులుగా వీరిని లెక్కించలేం.

వలస, క్షీణత

ఐర్లండ్‌లో 1884లో ఏర్పడిన గేలిక్ క్రీడా సంఘం కింద గేలిక్ ఫుట్‌బాల్ అనే వేరే ఆట క్లబ్బులు చర్చి పరిధిలోని ఊళ్ల ప్రాతిపదికన నడుస్తాయి. అక్కడి ఆటగాడు ఎంత పేరు తెచ్చుకున్నా సాధారణంగా పుట్టిన ఊరి క్లబ్బుకే జీవితాంతం ఆడతాడు, కాబట్టి అతని కీర్తి ఊరి లెక్కలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. 1950వ దశకం చివరి నుంచి కలకత్తా క్లబ్బులు ఇవ్వగలిగిన డబ్బు, అక్కడి లీగ్‌కు వచ్చే వేలాది ప్రేక్షకులు, పత్రికల్లో దక్కే చోటు ముందు పోలీసు కానిస్టేబుల్ జీతం నిలవలేకపోయింది. ఇరవై ఏళ్లు నిండగానే మంచి ఆటగాడు రైలెక్కడం ఆనవాయితీ అయింది. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీం మరణించడం రెండో దెబ్బ. ఆ 1963–64 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ రోవర్స్ కప్పును మరోసారి గెలిచింది; జట్టుకు అదే చివరి రోవర్స్ విజయం. 1965–66లో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్ జట్టు మళ్లీ ఆ ట్రోఫీని అందుకోలేదు.

శిక్షకుడి మరణమొక్కటే ఇంతటి పతనానికి కారణమనడం సరికాదు. ఒక్క వ్యక్తి పట్టుదల మీద, ఒక్క శాఖ నియామకాల మీద నిలిచిన ఏర్పాటు అది. కింది స్థాయి పాఠశాల పోటీలు, చిన్న క్లబ్బులు బలహీనపడినప్పుడు పైన ఉన్న పోలీసు జట్టుకు కొత్త ఆటగాళ్లు రావడం ఆగింది. నగరంలో ఖాళీ స్థలాలు తగ్గడం, క్రికెట్ ఆకర్షణ పెరగడం తర్వాతి పరిణామాలు. 2019లో ఏర్పడి 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సి నగరం పేరును మళ్లీ దేశ ఫుట్‌బాల్‌లో నిలబెట్టినా, అది దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ ఆటగాళ్లను తెచ్చుకున్న వృత్తిపరమైన క్లబ్బు. బస్తీ మైదానం నుంచి పోలీసు జట్టుకూ, అక్కడి నుంచి భారత జట్టుకూ ఉన్న పాత దారి దానిలో కనిపించలేదు.

పురస్కారాల విషయంలో తొలి తరానికి కాలం కలిసిరాలేదు. అర్జున పురస్కారం 1961లో మొదలైంది. 1970 వరకు దాన్ని అందుకున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లలో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్, నయీముద్దీన్ నలుగురూ హైదరాబాద్‌వారే, వారిలో ముగ్గురు సిటీ పోలీస్‌కు ఆడినవారు. ఐదేళ్ల రోవర్స్ విజయాల్లో, రెండేసి ఒలింపిక్స్‌లో ఆడిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌ల మంచి కాలం అప్పటికే ముగియడంతో వారిద్దరికీ ఆ గౌరవం దక్కలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు. రహీం చనిపోయి అప్పటికి 22 ఏళ్లు.